ఎల్డన్ వాకిట్లో గడ్డి

మా ఆయన లైల్‌కు జీవితంలో రెండే పట్టింపులు. ఒకటి ఇచ్చిన మాట, రెండోది వాకిట్లో గడ్డి. ఆ వేసవిలో ఈ రెండూ ఏకమై మా పరువు తీశాయి.

మాది అమెరికాలో, అయోవా రాష్ట్రంలో మొక్కజొన్న చేల మధ్యనుండే చిన్న ఊరు. మా ఇంటి పక్కనే, లైల్ వాళ్ళ మేనత్త వదిలిపోయిన ఇల్లొకటి ఉండేది. దాన్ని అద్దెకిచ్చేవాళ్ళం. లోపల గోడలకు ఎన్ని మేకులు కొట్టుకున్నా లైల్ ఏమీ అనేవాడు కాదు. గడ్డి చీలమండ దాటిందంటే మాత్రం ఆయనకు ముద్ద దిగదు. గడ్డి కోసుకోవలసిన బాధ్యత అద్దెకున్నవాళ్ళదేనని ఒప్పందంలో అన్నిటికంటే ముందు రాయించాడు. అద్దె సంగతి ఆ తర్వాతే.

ఆ ఏడు మే నెలంతా వానలు పడ్డాయి. నెలాఖరుకు పక్కింటి వాకిట్లో గడ్డి మోకాలి ఎత్తుకు లేచింది. దాని మధ్య పసుప్పచ్చ పూల కలుపు కూడా. మా ఊరి మున్సిపాలిటీ వాళ్ళు గడ్డి పెరిగిన ఇంటి తలుపుకు అందరూ చూసేలా నోటీసు అంటించి పోతారు. లైల్‌కు అది తలుచుకుంటేనే తల కొట్టేసినట్టుగా ఉంది.

"ఇవాళ అటో ఇటో తేల్చేస్తాను," అన్నాడు టోపీ పెట్టుకుంటూ.

"ఆగు, నేనూ వస్తాను," అని పొద్దున చెర్రీ పళ్ళు కూరి కాల్చిన తీపి రొట్టెను గాజు పళ్ళెంతో సహా చేతిలోకి తీసుకున్నాను.

"పోట్లాటకు పోతుంటే తీపి రొట్టె ఎందుకు?"

"నీ నోటికి విరుగుడుగా."

అద్దెకున్నవాళ్ళు ఎల్డన్, నడీన్. మూడేళ్ళ కిందట వేరే జిల్లా నుంచి వచ్చారు. అతను పశువుల దాణా లారీ నడిపేవాడు. ఆమె ముసలివాళ్ళ ఆశ్రమంలో దుప్పట్లు ఉతికే పని చేసేది. కారెక్కుతూ దిగుతూ చెయ్యి ఊపడమే తప్ప ఆ మూడేళ్ళలో నేను వాళ్ళ గడప తొక్కలేదు. అతను పనికి పోవడం మానేశాడని తెలుసు. ఎందుకు మానేశాడో కనుక్కోలేదు.

మేం వెళ్ళేసరికి నడీన్ ఇంట్లో లేదు, పనికి పోయింది. ఎల్డన్ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముక్కుకు సన్నటి గొట్టం, పక్కన ప్రాణవాయువు సిలిండరు. మనిషి సగమయ్యాడు. లైల్ గుమ్మంలోనే టోపీ తీసేశాడు.

"గడ్డి గురించేగా," అన్నాడు ఎల్డన్. "కూర్చోండి. దాన్ని చూస్తుంటే నాకూ ఒళ్ళు మండిపోతోంది. నడీన్ కోస్తానంటది. దాని నడుం సంగతి నాకు తెలుసు. రోజంతా తడి దుప్పట్లు మోసొచ్చి మళ్ళీ ఇదొకటా? మిషను ముట్టుకుంటే ఊరుకోనని కేకలేశా."

"నేను కోస్తాలే," అన్నాడు లైల్. పొద్దుట్నుంచీ నూరుకున్న కత్తులన్నీ ఏమయ్యాయో తెలియదు.

"కోస్తే డబ్బు తీసుకోవాలి."

"ఏం డబ్బయ్యా, పక్కిల్లేగా."

"అయితే నీ మిషను ఇటు తేకు. నేనెప్పుడూ ఎవరిచేతా ఊరికే చేయించుకోలేదు. చేతికియ్యడానికి ఏం లేదు. మా అడ్వాన్సు నీ దగ్గరుందిగా, అందులో పట్టుకో. బయట ఎవడికిచ్చినా ఎంతవుతుందో అంతా పట్టుకో, తగ్గించకు."

లైల్ తలూపాడు. అలాంటి మనిషిని అలాంటి మనిషే అర్థం చేసుకోగలడు.

"ఇంకోటి," అన్నాడు ఎల్డన్. ఊపిరి అందక కాస్త ఆగాడు. "ఇది నడీన్‌కి తెలియకూడదు. నేను పోయాక కూడా."

"ఎందుకని?" అన్నాను నేను.

"మూడేళ్ళయింది ఈ ఊరొచ్చి, ఒక్కరు మన గడప తొక్కారా అంటది రోజూ. నేను లారీ మీదే బతికా, నలుగురితో కలిసిందీ లేదు. రేపు నేను పోతే దానికెవరున్నారు? మీ అంతట మీరే వచ్చి కోస్తున్నారనుకోనివ్వండి. పక్కన మనుషులున్నారనుకుంటది. ఆఖర్న అడ్వాన్సు ఏమైందంటే ఇల్లు బాగు చేయించాలనో ఏదో చెప్పండి. అది గుచ్చిగుచ్చి అడిగే రకం కాదు."

అతను మమ్మల్ని పొడవాలని అన్న మాట కాదు. అయినా నాకు గుచ్చుకుంది. పళ్ళేన్ని బల్ల మీద ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను. లైల్ ముందుకు వంగి చెయ్యి చాచాడు. ఎల్డన్ ఆ చేతిని పట్టుకుని గట్టిగా ఊపాడు. మా ఊళ్ళో చెయ్యి కలిపాక మరి కాగితం అడగరు. అడిగితే అవతలి మనిషిని దొంగ అన్నట్టే. నన్ను మాత్రం ఎవరూ చెయ్యి కలపమనలేదు.

ఆ శనివారం నుంచి లైల్ అక్కడ గడ్డి కోయడం మొదలుపెట్టాడు. రెండోవారం నడీన్ మా వంటింటి తలుపు తట్టింది. పొట్టిగా, ఎర్రటి చేతులతో ఉండే మనిషి. నా గాజు పళ్ళెం నిండా వాళ్ళ పెరట్లో పెరిగిన, రూబార్బ్ అనే పుల్లటి ఎర్రకాడలతో చేసిన కేకు ముక్కలు. మా వైపు పళ్ళేన్ని ఖాళీగా తిరిగివ్వరు. ఇచ్చారంటే ఆ గడపతో ఇక పని లేదని చెప్పడమే. ఎవరి పళ్ళెం ఎవరిదో తెలియాలని అడుగున టేపు మీద పేరు రాసి అంటించుకుంటాం.

"మీరేమీ అనుకోకపోతే ఒక మాట, వెర్నా," అంది నడీన్. "ఈ ఊరివాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నా."

"అన్నీ తీసుకోకు. కొందరికి అవి సరిపోతాయి," అన్నాను.

పకపకా నవ్వింది. ఆమె అంత గట్టిగా నవ్వగలదని నాకు అప్పుడే తెలిసింది. వెళ్ళేటప్పుడు ఆ పళ్ళెంలో నేను బీన్స్ పెట్టి పంపాను. అలా ఆ వేసవంతా పళ్ళెం అటూ ఇటూ తిరిగింది. ఆమె వచ్చినప్పుడల్లా నా ముఖంలో ఏదైనా తెలిసిపోతుందేమోనని సింకు వైపు తిరిగి మాట్లాడేదాన్ని.

అటు మగవాళ్ళిద్దరి మధ్య ఇంకో తంతు నడిచేది. లైల్ మిషను ఆపగానే ఎల్డన్ కిటికీ తీయించేవాడు.

"ఆ వాలు దగ్గర వంకర పోయావు. తాగున్నావా ఏంటి?"

"నీ కళ్ళు పోయుంటాయి. అది తాడు పట్టి గీసినట్టుంది."

"నా కళ్ళకేం. పాడైంది ఊపిరితిత్తులు. వచ్చేవారం అడ్డంగా కొయ్యి, గడ్డి నిలబడతది."

లైల్ గొణుక్కుంటూ వచ్చేవాడు. వచ్చేవారం అడ్డంగానే కోసేవాడు. ఆయనకు ఊళ్ళో తెలిసినవాళ్ళు బోలెడుమంది, స్నేహితుడంటూ ఒక్కడు లేడు. ఆగస్టు వచ్చేసరికి గడ్డి కోయడానికి పట్టే సమయం కంటే కిటికీ దగ్గర నిలబడే సమయం ఎక్కువైంది. ఎండలకు గడ్డి ఎండి పెరగడం మానేసినా మిషను తోసుకుంటూ వెళ్ళేవాడు.

సెప్టెంబరులో, మొక్కజొన్న కోతలు మొదలయ్యే ముందు, ఎల్డన్ పోయాడు. అంత్యక్రియలయ్యాక చర్చి కింది గదిలో హామ్ శాండ్‌విచ్‌లు, కాఫీ. వచ్చినవాళ్ళు తక్కువే. నడీన్ అందరి ముందూ లైల్ చెయ్యి పట్టుకుని, "ఇదిగో, మా ఎల్డన్‌కి ఈ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క స్నేహితుడు," అని వాళ్ళ చెల్లెలికి చూపించింది. లైల్ బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఎల్డన్‌కు వచ్చే పింఛను కూడా ఆగిపోయి, ఒక్క జీతంతో ఆ అద్దె కట్టలేక నడీన్ నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేస్తానంది. పక్క ఊళ్ళో చెల్లెలి ఇంట్లో ఉంటుందట. ఆ రాత్రి భోజనాల దగ్గర నేను లైల్‌తో తగువు వేసుకున్నాను.

"అడ్వాన్సు మొత్తం ఇచ్చెయ్యి. ఇప్పుడు చూడ్డానికెవరున్నారు?"

"చెయ్యి కలిపాను వెర్నా."

"చెయ్యి కలిపినవాడు పోయాడు."

"అదే కదా. బతికుంటే బతిమాలుకునేవాణ్ణి. వద్దురా బాబూ నీ డబ్బు అని పోట్లాడేవాణ్ణి. పోయినవాడితో ఎలా పోట్లాడను? ఇచ్చేశానంటే అతను ఊరికే చేయించుకున్నట్టు. అది పడని మనిషి."

"మరి ఆమెకేం చెప్తావు?"

"అతను చెప్పమన్నదే. ఇల్లు బాగు చేయించాలని."

ఇల్లు చూసుకోవడానికి ఇద్దరం వెళ్ళాం. లోపల అడుగుపెట్టగానే సబ్బు వాసన. కిటికీ అద్దాలు మెరుస్తున్నాయి. ఓవెన్ లోపల చెయ్యి పెట్టి తుడిచినా మసి అంటదు. ఎల్డన్ కుర్చీ ఉన్నచోట నేలమీద గీతలు పడి ఉంటే వాటినీ మైనం పెట్టి మాపేసింది. నడీన్ చీపురు పట్టుకుని వంటింట్లో నిలబడి ఉంది. చేతులు మామూలు కంటే ఎర్రగా ఉన్నాయి.

"మచ్చ ఎక్కడైనా కనిపిస్తే చెప్పండి, లైల్. ఇప్పుడే తుడిచేస్తా. ఇల్లు పాడు చేసిపోయిందని మీతో అనిపించుకోను."

లైల్ గదులన్నీ తిరిగాడు. వెళ్ళిన గదికే మళ్ళీ వెళ్ళాడు. చెప్పవలసిన అబద్ధం నోట్లో తయారుగానే ఉందని నాకు తెలుసు. గోడలకు రంగు వేయించాలి అంటే చాలు. కానీ ఆయన అబద్ధం ఆడి ఎరగడు. పైగా ఆ మనిషి రెక్కలు ముక్కలు చేసుకుని కడిగిన ఇంటిని పట్టుకుని బాగా లేదని ఎలా అంటాడు?

"ఇల్లు అద్దంలా ఉంది," అన్నాడు. "అడ్వాన్సులో పెద్దగా ఏం మిగల్లేదు. గడ్డికి పట్టుకున్నాను."

"గడ్డికా?"

"వేసవంతా కోసిందానికి."

నడీన్ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆమె చీపురు గోడకు ఆనించి, తాళాలు బల్ల మీద పెట్టి, బయటికి నడిచింది.

ఆమె అడిగే రకం కాకపోవచ్చు, ఆమె చెల్లెలు మాత్రం ఊరుకునే రకం కాదు. అక్టోబరులో జిల్లా కోర్టు నుంచి పిలుపు వచ్చింది. చిన్న తగాదాలు తీర్చే గది, లాయర్లెవరూ ఉండరు. మేజిస్ట్రేటు నడివయసు మనిషి, జలుబు చేసి ముక్కు తుడుచుకుంటూ ఉన్నాడు. మా ఊరివాళ్ళు ఐదారుగురు వేరే పనుల మీద వచ్చి కూర్చుని ఉన్నారు.

"గడ్డి కోసినందుకు డబ్బు పట్టుకుంటానని ఈమెతో ముందుగా చెప్పారా?"

"లేదండి," అన్నాడు లైల్.

"కోసినన్నాళ్ళూ ఈమె మీ ఇంటికి ఏవో వండి తెచ్చేదట. తీసుకున్నారా?"

"తీసుకున్నామండి. తిన్నాం."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"అడ్వాన్సులోంచి పట్టుకోవచ్చని రాసుకున్న కాగితం ఏదైనా ఉందా?"

"కాగితం లేదండి."

"మీ తరఫున చెప్పుకునేది ఇంకేమైనా ఉందా?"

ఊరుకోవడం నా వల్ల కాలేదు. బెంచీలో సగం లేచాను. లైల్ వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. అంతసేపు ఆయన నన్ను అలా చూసి ఎన్నేళ్ళయిందో. కూర్చోమంటున్నాడనుకుని కూర్చున్నాను.

"నేనైతే ఏం చెప్పలేనండి," అన్నాడు మేజిస్ట్రేటు వైపు తిరిగి.

అడ్వాన్సు మొత్తం తిరిగి ఇవ్వమని తీర్పు. లైల్ అక్కడికక్కడే చెక్కు రాసిచ్చాడు. నిజానికి నా మనసు ఆ క్షణంలో కాస్త తేలికపడింది, ఎలాగో ఆ డబ్బు ఆమెకు చేరినందుకు. అది బయట మెట్ల దాకానే.

నడీన్ మా కోసమే ఆగి ఉంది. గొంతు పెంచలేదు.

"శనివారం వస్తే కిటికీ దగ్గర చెవులు రిక్కించుకుని కూర్చునేవాడు మా ఆయన. లైల్ వచ్చాడు, లైల్ వచ్చాడు అని నన్ను పిలిచేవాడు. మీరక్కడ మీటరు వేసుకుని తిరుగుతున్నారని తెలియదు పాపం."

లైల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "అవునండి," అన్నాడు.

ఆ సంగతి మేం ఇల్లు చేరేలోపే ఊళ్ళో పాకింది. లైల్ రోజూ పొద్దున కాఫీకి వెళ్ళే కొట్లో, "లైల్, ఉప్పు డబ్బా ఇటు జరుపుతావా? దానికెంత పట్టుకుంటావు?" అని ఒకడన్నాడు. అందరూ నవ్వారట. ఈయన కూడా నవ్వి, కాఫీ తాగి, డబ్బులు పెట్టి వచ్చాడు. మళ్ళీ వెళ్ళలేదు. ఇంట్లో పేపరు ముందేసుకుని కూర్చునేవాడు. పేజీ తిప్పేవాడు కాదు. చలికాలం రాకముందు ఆఖరిసారి గడ్డి కోయాలి, ఆ ఇంటి ముందు కోయలేదు, మా ఇంటి ముందూ కోయలేదు. అది చూసి నాకు భయమేసింది.

ఇక ఉండబట్టలేక ఒకరోజు యాపిల్ కేకు చేసి ఆ గాజు పళ్ళెంలోనే పెట్టుకుని నడీన్ చెల్లెలి ఊరికి బయల్దేరాను. ఎక్కడికని లైల్ అడగలేదు. కారు దాకా వచ్చి తలుపు తీసి పట్టుకున్నాడు.

దారంతా చెప్పవలసిన మాటలు వరస పెట్టుకున్నాను. మీ ఆయనే డబ్బు తీసుకోమన్నాడు నడీన్. నువ్వు ఒంటరివైపోతావని ఆయన బెంగ. నీకోసమే చెప్పొద్దన్నాడు. అంతే, మూడు ముక్కలు.

నడీన్ తలుపు తీసింది, బయటి దోమతెర తలుపు మాత్రం తీయలేదు. తెర వెనక నుంచే మాట్లాడింది.

"మీ మీద నాకు కోపం లేదు వెర్నా. మీరు వండి పెట్టారు, నేను వండి పెట్టాను, చెల్లుకు చెల్లు."

"నడీన్, నీకో మాట చెప్పాలి. లైల్ గురించి."

"వద్దండి. ఆయన పేరు వింటే నాకు నిద్రపట్టదు. ఒక్కటే నాకు మిగిలింది. ఎల్డన్‌కి ఇదేదీ తెలియదు. ఈ ఊళ్ళో మనసున్నవాడు ఒక్కడున్నాడు, నీకేం ఫర్వాలేదు అనుకుంటూనే కళ్ళు మూశాడు. రాత్రిళ్ళు అదే తలుచుకుంటా. అదొక్కటీ ఉండనివ్వండి నాకు."

నా మూడు ముక్కలూ గొంతులోనే ఉండిపోయాయి. చెప్తే ఆమెకు మిగిలిన ఆ ఒక్కటీ ఊడ్చుకుపోతుంది. చెప్పకపోతే ఆ మనిషి తనకోసం ఎంత ఆరాటపడ్డాడో ఆమెకు ఎన్నటికీ తెలియదు. రెంటిలో ఏది పెద్దదో గుమ్మంలో నిలబడి తేల్చుకోవడం నా వల్ల కాలేదు. ఇప్పటికీ కాలేదు.

"యాపిల్ కేకు," అన్నాను.

మా వైపు గుమ్మం దాకా తెచ్చినదాన్ని కాదనరు. తెర తలుపు కాస్త తీసి అందుకుంది.

ఇంటికొచ్చేసరికి లైల్ వంటింట్లో నిలబడి ఉన్నాడు. నా ముఖం వైపు చూశాడు. నేను కోటు తగిలించి బంగాళాదుంపలు తరగడం మొదలుపెట్టాను. ఆ వారమంతా ఆయన కారు చప్పుడైతే చాలు, కిటికీ దగ్గరికి వెళ్ళేవాడు.

వారం తర్వాత ఓ పొద్దున తలుపు తీస్తే వరండాలో మెట్టు మీద నా పళ్ళెం. శుభ్రంగా కడిగి, తుడిచి ఉంది. అడుగున టేపు మీద నా పేరు. పైన ఏమీ లేదు. ఎప్పుడు తెచ్చి పెట్టారో, తలుపు కూడా తట్టలేదు.

లైల్ నా వెనకే వచ్చాడు. నా భుజం మీంచి ఆ పళ్ళెం వైపు చాలాసేపు చూశాడు.

"చెప్పలేదా?" అన్నాడు.

"చెప్పలేకపోయాను."

వంగి పళ్ళెం తీసి, అంచు మీద పడిన మంచు తడి చొక్కా చేతితో తుడిచాడు.

"నువ్వు చెప్తావనుకున్నాను, వెర్నా," అన్నాడు. "నువ్వు చెయ్యి కలపలేదు కదా. కోర్టులో కూడా అందుకే నీ వైపు చూశాను."